నేర్పేవారు లేని చోట అప్రెంటిస్‌లు

డిగ్రీ చదువులో అప్రెంటిస్‌షిప్‌ను ఒక భాగం చేసే విధానం వైద్య అనుబంధ కోర్సుల దాకా వచ్చింది. యూజీసీ 2025లో ఇందుకు మార్గదర్శకాలు ఇచ్చింది. ల్యాబ్ టెక్నాలజీ, డయాలిసిస్, రేడియాలజీ, ఆపరేషన్ థియేటర్ కోర్సులు నడిపే కళాశాలలకూ, వాటి విద్యార్థులను తీసుకునే ఆసుపత్రులకూ ఇది కలిసొచ్చే ఏర్పాటు. చదువుకుంటూనే నెలకు నాలుగు డబ్బులు చేతికొస్తాయంటే, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పుడు పడుతుందో తెలియక కళాశాల చుట్టూ తిరిగే తల్లిదండ్రులు కాదనరు. కాదనాల్సిన పనీ లేదు. ఆసుపత్రి పని తరగతి గదిలో రాదు, రోగి పక్కన నిలబడితేనే వస్తుంది. దీనిమీద మాకు రెండో అభిప్రాయం లేదు. అయితే ఆ రోగి పక్కన విద్యార్థితోపాటు నేర్పేవాడు కూడా నిలబడి ఉన్నాడా అని అడిగేవారు ఈ హడావుడిలో కనిపించడం లేదు. ఆ ప్రశ్న అడగకుండా ఈ ఏర్పాటు విస్తరిస్తే నష్టపోయేది విద్యార్థి ఒక్కడే కాదు. రోగి నష్టపోతాడు, ఇప్పటికే అరకొర జీతాలతో నెట్టుకొస్తున్న టెక్నీషియన్ నష్టపోతాడు, చివరికి ఆ వృత్తికున్న విలువే పోతుంది.

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. 1986 సవరణతో ఇంటర్ ఒకేషనల్ విద్యార్థులు కూడా దాని కిందికి వచ్చారు. తెలుగు రాష్ట్రాల్లో ఒకేషనల్ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్) కోర్సు చదివినవారు ల్యాబ్ టెక్నీషియన్ పోస్టుకు దరఖాస్తు చేయాలంటే ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడాది అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసి, పారామెడికల్ బోర్డులో పేరు నమోదు చేసుకుని ఉండాలి. మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు చేసిన ఆడపిల్లలకూ ఇలాంటి నిబంధనే ఉంది. వీళ్లలో చాలామంది పదిహేడు, పద్దెనిమిదేళ్ల వాళ్లు. ఆ ఏడాదిలో వారికి ఎవరు ఏం నేర్పారు, ఎన్ని రక్త నమూనాలు ఎవరి కళ్లెదుట తీశారు, ఏ పరీక్ష స్వయంగా చేయగలరని ఎవరు తేల్చారు అని అడిగితే చాలాచోట్ల చూపించగలిగేది హాజరు పట్టిక, సూపరింటెండెంట్ సంతకం చేసిన సర్టిఫికెట్. ఆ పాత అనుభవాన్ని సమీక్షించుకోకుండానే అదే పద్ధతిని డిగ్రీ స్థాయికి ఎక్కిస్తున్నాం.

ల్యాబ్ పనిలో నేర్పరితనం ఎక్కడుందో బయటివారికి తెలియదు. సూది గుచ్చి రక్తం తీయడం, మిషన్‌లో పెట్టడం, కాగితం తీసుకోవడం, ఇంతే అనుకుంటారు. ఏ ఏరియా ఆసుపత్రికైనా ఉదయం ఏడున్నరకు వెళ్లి చూడండి. పరగడుపున షుగర్ పరీక్షకు వచ్చినవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, జ్వరంతో చిన్నపిల్లలు వరుసలో ఉంటారు. కిటికీ వెనక ఒక టెక్నీషియన్, ఇద్దరు ముగ్గురు ట్రైనీలు. టెక్నీషియన్ లోపల మిషన్ దగ్గర ఉంటే రక్తం తీసేది ట్రైనీలే. స్టాండులో నీలం మూత, ఎరుపు మూత, ఊదా మూత, బూడిద రంగు మూత ఉన్న ట్యూబులు ఉంటాయి. వాటిని నింపడానికి ఒక వరుస ఉంది. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా పొటాషియం ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. ముందు దాన్ని నింపి, ఆ తర్వాత ఎరుపు మూత ట్యూబు నింపితే రసాయనం కాస్త అందులోకి అంటుకు రావచ్చు. ఎరుపు ట్యూబు సరిపోలేదని ఊదా ట్యూబులోంచి కాస్త వంపితే ఇక చెప్పనక్కర్లేదు. పొటాషియం లేనంత ఎక్కువగా కనిపిస్తుంది, కాల్షియం పడిపోయినట్టు వస్తుంది. సిరంజి నుంచి ట్యూబులోకి గట్టిగా ఒత్తి పోసినా కణాలు పగిలి పొటాషియం పెరిగినట్టే చూపిస్తుంది. మిషన్ అబద్ధం చెప్పదు, తనకిచ్చిన రక్తంలో ఉన్నదే చెబుతుంది. ఆ కాగితం చూసి డాక్టర్ గుండె ఆగిపోతుందేమోనని కంగారుపడి, అవసరం లేని మందు ఎక్కించే ప్రమాదం ఉంది.

ల్యాబ్ ఫలితాల్లో వచ్చే తప్పుల్లో సగానికి పైగా నమూనా మిషన్‌లోకి వెళ్లకముందే జరుగుతాయని ప్రపంచవ్యాప్తంగా అధ్యయనాలు చెబుతున్నాయి. అంటే పేరు సరిచూడటం, ట్యూబుకు లేబుల్ అంటించడం, కట్టు ఎంతసేపు బిగించాలో తెలియడం, నింపే వరుస పాటించడం దగ్గర. సరిగ్గా ఈ పనులే ట్రైనీల చేతికి అప్పగిస్తున్నాం. చిన్న పని, ఎవరైనా చేస్తారనే భావనే ఇందుకు కారణం. అసలు ఆ చోటే అనుభవజ్ఞుడు ఉండాలి. బ్లడ్ గ్రూపు పరీక్షకు తీసిన నమూనాపై పక్క మంచం రోగి పేరు పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? 2018 డిసెంబరులో తమిళనాడులోని సాత్తూరు ప్రభుత్వాసుపత్రిలో ఒక గర్భిణికి హెచ్‌ఐవీ ఉన్న రక్తం ఎక్కించిన ఘటన దేశమంతా గుర్తుండే ఉంటుంది. వేటు పడింది ల్యాబ్ ఉద్యోగుల మీద. అది అప్రెంటిస్‌ల వల్ల జరిగిందని మేం అనడం లేదు. రక్తనిధి లాంటి చోట ఒక్క దశలో చూడాల్సింది చూడకపోతే ఎంత దూరం పోతుందో చెప్పడానికే దాన్ని ప్రస్తావిస్తున్నాం. జీతం తీసుకునే, రిజిస్ట్రేషన్ ఉన్న ఉద్యోగి తప్పు చేస్తేనే బాధ్యత ఎవరిదో తేల్చడానికి తలలు పట్టుకుంటున్నాం. రిజిస్ట్రేషన్ లేని, ఉద్యోగి కాని, పేరుకు విద్యార్థి అయిన వ్యక్తి చేతిలో అదే తప్పు జరిగితే ఎవరిని అడగాలి? కళాశాలనా, ఆసుపత్రినా, ఆ పూట డ్యూటీలో ఉండి పక్క గదిలో వేరే పని చూసుకుంటున్న టెక్నీషియన్‌నా? అనుభవం చెప్పేదేమిటంటే చివరికి బలయ్యేది ఆ టెక్నీషియనే.

చట్టం ఏం చెబుతోందో చూస్తే ఆందోళన ఇంకా పెరుగుతుంది. అప్రెంటిస్ శిక్షణలో ఉన్న వ్యక్తి తప్ప కార్మికుడు కాడని 1961 చట్టమే స్పష్టం చేసింది. కాబట్టి కార్మిక చట్టాలు అతనికి వర్తించవు. ఈ చట్టం కింద చేరిన అప్రెంటిస్‌లకు పీఎఫ్ లేదు, ఈఎస్‌ఐ లేదు. పనిగంటలెన్నో యజమానే నిర్ణయించవచ్చని 2014 సవరణ చెప్పింది. శిక్షణ పూర్తయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన లేదు. 2019 నాటి నిబంధనల ప్రకారం స్టైపెండ్ చదువును బట్టి నెలకు 5,000 నుంచి 9,000 రూపాయలు. దాన్ని 6,800 నుంచి 12,300 వరకు పెంచాలని 2025లో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద ఆ స్టైపెండ్‌లో నాలుగో వంతు, గరిష్ఠంగా 1,500 రూపాయలు, కేంద్రమే భరిస్తోంది. ఫ్యాక్టరీలో లేతు మిషన్ నేర్చుకునే కుర్రాడికి ఈ చట్టం కొంతవరకు సరిపోయిందేమో. ఇరవై నాలుగు గంటలూ నడిచే ఆసుపత్రిలో, నైట్ డ్యూటీకి మనిషి దొరకని చోట, ఇవే నిబంధనలు యాజమాన్యానికి ఎలాంటి దారి చూపిస్తాయో ఊహించడం కష్టం కాదు.

లెక్క చాలా సులువు. ఒక రిజిస్టర్డ్ టెక్నీషియన్‌కు ఇచ్చే జీతంతో ఇద్దరు అప్రెంటిస్‌లు వస్తారు. ఏడాది తిరిగేసరికి వాళ్లు వెళ్లిపోతారు, కొత్త బ్యాచ్ వస్తుంది. ఇంక్రిమెంట్లు, ప్రసూతి సెలవులు, గ్రాట్యుటీ గొడవే ఉండదు. అప్రెంటిస్‌లు మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకే ఉండాలన్న పరిమితి ఉంది. కానీ ఆ లెక్క సంస్థ మొత్తానికి కడతారు. ఆఫీసు సిబ్బంది, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ అందరినీ కలిపి లెక్కగట్టిన ఆసుపత్రిలో ఆ 15 శాతాన్నీ తెచ్చి ల్యాబ్‌లోనో డయాలిసిస్ గదిలోనో పెడితే, అక్కడ సగం మంది నేర్చుకునేవాళ్లే అవుతారు. ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల జీతాలు ఎంత హీనంగా ఉన్నాయో సుప్రీంకోర్టు 2016లోనే గుర్తించింది. దాని ఆదేశంతో ఏర్పాటైన కమిటీ, యాభై పడకల లోపు ఆసుపత్రిలోనైనా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. ఇన్నేళ్ల తర్వాత మన జిల్లా కేంద్రాల్లోని చిన్న నర్సింగ్‌హోముల్లో ఎంత మందికి ఆ మొత్తం అందుతోందో అక్కడ పనిచేసే ఏ సిస్టర్‌ని అడిగినా చెబుతుంది. జీతాల అడుగు ఇంతలా కూలిపోయిన రంగంలోకి చట్టబద్ధంగా స్టైపెండ్ మీద పనిచేసే మనుషుల్ని దించితే, జీతం పెంచమని అడిగే నోరే మూతపడుతుంది. నాలుగేళ్లు కష్టపడి చదివి, అప్రెంటిస్‌గా మెప్పు పొందిన అదే అమ్మాయి, పట్టా చేతికొచ్చిన రోజు తన చోటులోకి వచ్చిన కొత్త అప్రెంటిస్‌తోనే పోటీ పడాల్సి వస్తుంది.

ప్రభుత్వ ఆసుపత్రుల సంగతి వేరే. అక్కడ లాభం కోసం కాకపోయినా ఖాళీల కోసం ఇదే జరుగుతుంది. పోస్టు మంజూరై ఏళ్లు గడుస్తాయి, నోటిఫికేషన్ రాదు, వచ్చినా కాంట్రాక్టో అవుట్‌సోర్సింగో. అప్పటిదాకా పని ఆగలేదు కదా, ట్రైనీలు ఉన్నారు కదా అని ఫైలు పక్కకు పోతుంది. ఖాళీ ఉన్నట్టు రోగికి తెలియదు, పైకి కూడా కనబడదు. ఖాళీని కప్పిపెట్టే సాధనంగా శిక్షణ మారితే, ఆ పోస్టు ఎప్పటికీ భర్తీ కాదు.

డయాలిసిస్ గురించి విడిగా చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ వ్యాధి ఇళ్లకు ఇళ్లనే కబళించింది. పలాసలో 2023 డిసెంబరులో రెండు వందల పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. రెండు రాష్ట్రాల్లోనూ డయాలిసిస్ కేంద్రాలు మండల స్థాయి దాకా విస్తరిస్తున్నాయి. అది మంచిదే. 2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలిసిస్ కార్యక్రమం ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో నడుస్తుంది. నిర్వాహకుడికి డబ్బు ఒక్కో సెషన్‌కు ఇంత అని ముడుతుంది. రేటు స్థిరం కాబట్టి మిగుల్చుకోవాలంటే ఖర్చు తగ్గించుకోవాలి. మిషన్ ఖర్చు తగ్గదు, డయలైజర్ ఖర్చు ఒక స్థాయి దాటి తగ్గదు. తగ్గేది మనిషి ఖర్చే. నాలుగు గంటల సెషన్‌లో నిమిషానికి రెండు, మూడు వందల మిల్లీలీటర్ల రక్తం శరీరం బయటికి వెళ్లి తిరిగి వస్తుంది. ఆ నాలుగు గంటల్లో దాదాపు 120 లీటర్ల ద్రవం మిషన్ గుండా పోతుంది. అంటే ఆ రోగి రక్తానికి పల్చటి పొర అవతల 120 లీటర్ల నీళ్లు! వాటిలో క్లోరమైన్ మిగిలిపోతే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. బీపీ పడిపోతున్నప్పుడు రోగి ముఖం చూసి రెండు నిమిషాల ముందే పసిగట్టేవాడు టెక్నీషియన్. హెపటైటిస్ బి ఉన్న రోగికి వేరే మిషన్ వాడాలి. ఒక రోగి దగ్గర్నుంచి మరొకరి దగ్గరికి వెళ్లేముందు గ్లవ్స్ మార్చాలి. మూడు మంచాలకు ఒకరు చూడాల్సిన చోట ఎనిమిది మంచాలకు ఒకరుంటే మొదట గాలికి పోయేది ఇలాంటి జాగ్రత్తే. హెపటైటిస్ సి డయాలిసిస్ యూనిట్లలో పాకుతుందని వైద్యలోకానికి ఎప్పట్నుంచో తెలుసు. ఇక్కడ ఏమీ తెలియని పద్దెనిమిదేళ్ల పిల్లవాడిని పెట్టి, వాడు నేర్చుకుంటున్నాడనడం రోగుల పట్ల చేసే నేరమే.

ఆ పిల్లల ప్రాణాల గురించి కూడా ఆలోచించాలి. వాడిన సూది గుచ్చుకుంటే, ఆ రోగి రక్తంలో హెపటైటిస్ బి వైరస్ ఎక్కువగా ఉన్నప్పుడు టీకా వేయించుకోని వ్యక్తికి అది సోకే అవకాశం వందకు ముప్పై దాకా ఉంటుంది. హెపటైటిస్ సి అయితే సుమారు మూడు, హెచ్‌ఐవీ అయితే వెయ్యికి మూడు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, ఆరు నెలలు పడుతుంది. వార్డులో అడుగుపెట్టకముందే ఆ మూడు డోసులు పూర్తయ్యాయా అని అడిగే కళాశాలలు ఎన్ని? గుచ్చుకున్నాక ఎవరికి చెప్పాలో, మందు ఎన్ని గంటల్లోపు మొదలుపెట్టాలో మొదటి రోజే చెప్పేవారు ఎందరు? చెబితే తిడతారని దాచుకునే పిల్లలే ఎక్కువ. ఎక్స్‌రే గదిలో పద్దెనిమిదేళ్లు నిండనివారిని రేడియేషన్ పనిలో పెట్టకూడదు. పదహారు దాటిన ట్రైనీలను అనుమతించినా వారికి ఏడాదికి 6 మిల్లీసీవర్ట్‌ల హద్దు ఉంది. ఆ హద్దు దాటిందో లేదో తెలియాలంటే ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జ్ ఉండాలి. ఉద్యోగులకే సరిగా అందని బ్యాడ్జ్ ట్రైనీకి ఎవరిస్తారు? ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఇవ్వాలని అప్రెంటిస్ చట్టమే చెబుతోంది, నిజమే. కానీ ఈరోజు సూది గుచ్చుకుంటే కాలేయం చెడేది ఎన్నో ఏళ్ల తర్వాత. అప్పటికి ఆ ఆసుపత్రిలో ఇతని పేరు ఏ రిజిస్టర్‌లో ఉంటుంది?

విదేశాల్లో ఇలాగే చేస్తున్నారు కదా అనే వాదన ఒకటి తరచూ వినబడుతోంది. జర్మనీ పేరు ఎక్కువగా ఎత్తుతున్నారు. మన పిల్లలు నర్సింగ్ కోసం అక్కడికి వెళుతున్నారు, తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ స్వయంగా పంపిస్తోంది. కాబట్టి ఆ పోలిక సరైనదే, కానీ పూర్తిగా చేయాలి. అక్కడ 2020 నుంచి అమల్లో ఉన్న నర్సింగ్ చట్టం ప్రకారం శిక్షణ మూడేళ్లు, 2,100 గంటలు తరగతి, 2,500 గంటలు ఆసుపత్రి. విద్యార్థి దగ్గర ఫీజు తీసుకోరు, తిరిగి నెలనెలా జీతం ఇస్తారు. ప్రతి ఆసుపత్రిలో శిక్షణ సమయంలో కనీసం పదో వంతు, అందుకోసమే అర్హత పొందిన శిక్షకుల చేతిమీదుగా జరగాలి. ఆ అర్హతకు నర్సుగా అనుభవంతోపాటు 300 గంటల ప్రత్యేక కోర్సు చేయాలి. ఇంత కట్టుదిట్టమైన దేశంలో కూడా ఆ పదో వంతు సరిగా దొరకడం లేదని, ఖాళీల్లో విద్యార్థులను నింపుతున్నారని కార్మిక సంఘాలు గొడవ చేస్తున్నాయి. ఇంగ్లండ్‌లో 2023 జూన్ నాటి జాతీయ ఆరోగ్య సేవ ప్రణాళిక, 2031-32 నాటికి వైద్యరంగ శిక్షణలో 22 శాతం అప్రెంటిస్‌షిప్ ద్వారానే జరగాలని లక్ష్యం పెట్టుకుంది. అక్కడి నర్సింగ్ నియంత్రణ మండలి నిబంధన మాత్రం అలాగే ఉంది: నేర్చుకునే వ్యక్తిని సిబ్బంది లెక్కలో కలపకూడదు. మనం జర్మనీ నుంచి అప్రెంటిస్ అనే పేరు తెచ్చుకుంటున్నాం గాని, ఆ పేరు వెనకున్న శిక్షకుడినీ జీతాన్నీ ఫీజు మినహాయింపునూ అక్కడే వదిలేసి వస్తున్నాం.

అనుబంధ వైద్య వృత్తులకు 2021లో జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. కనీసం రెండు వేల గంటల చదువు లేనిదే అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ కాలేరని, డిగ్రీ స్థాయి హెల్త్‌కేర్ ప్రొఫెషనల్‌కు 3,600 గంటలు కావాలని ఆ చట్టం నిర్దేశించింది. అమలు చేయడంలో రాష్ట్రాలు ఎంత జాప్యం చేశాయంటే, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు గడువు పెట్టి మరీ అడగాల్సి వచ్చింది. అంటే వృత్తిని కాపాడాల్సిన వ్యవస్థ ఇంకా కుదురుకోలేదు. వార్డులో ఊడిగం చేసిన గంటలను కూడా ఆ 3,600 గంటల్లోనే లెక్కకట్టే ప్రలోభం మాత్రం అప్పుడే మొదలవుతుంది. శాంపిళ్లు మూడో అంతస్తుకు మోసిన గంటలు, కంప్యూటర్‌లో రిపోర్టులు ఎక్కించిన గంటలు, కౌంటర్‌లో బిల్లులు కొట్టిన గంటలు శిక్షణ గంటలెలా అవుతాయి? ఈ ఒక్క ప్రశ్నకు కమిషన్ గట్టిగా సమాధానం చెప్పకపోతే రేపు మన పట్టాలను బయటి దేశాల నియంత్రణ సంస్థలు ప్రశ్నించే రోజు వస్తుంది. గల్ఫ్‌కో ఇంగ్లండ్‌కో వెళ్లాలనుకునే మన పిల్లల మార్కు షీట్ల కంటే, ఎన్ని గంటలు ఎవరి పర్యవేక్షణలో పనిచేశారనే వివరమే అక్కడ ముందు అడుగుతారు.

కొందరు ఆసుపత్రి యజమానుల ఇబ్బంది కూడా మాకు తెలుసు. చిన్న పట్టణాల్లో అనుభవమున్న టెక్నీషియన్లు దొరకడం లేదు, వచ్చినవాళ్లు ఏడాదికి హైదరాబాద్‌కో విశాఖకో వెళ్లిపోతున్నారు. ఇప్పుడున్న కళాశాలల్లో ల్యాబ్ ముఖం చూడకుండానే పట్టా పొందుతున్నవాళ్లూ ఉన్నారు. అప్రెంటిస్‌షిప్ వీటిలో రెండో లోపాన్ని నిజంగానే సరిచేయగలదు. మొదటిదాన్ని మాత్రం జీతమే సరిచేయాలి, మరో దారి లేదు.

వచ్చే విద్యా సంవత్సరం ప్రవేశాలు మొదలుకాకముందే రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు, పారామెడికల్ బోర్డులు, అనుబంధ వైద్య మండళ్లు కలిసి కూర్చోవాలి. అప్రెంటిస్‌ను ఏ డ్యూటీ చార్టులోనూ సిబ్బందిగా చూపకూడదని జీవో ఇవ్వాలి. ఒక రిజిస్టర్డ్ టెక్నీషియన్‌కు ఇద్దరికి మించి అప్రెంటిస్‌లను ఇవ్వకూడదు. వాళ్లకు నేర్పినందుకు ఆ టెక్నీషియన్‌కు అదనపు భత్యం ఇవ్వాలి, నేర్పే సమయాన్ని డ్యూటీలోనే కేటాయించాలి. మంజూరైన పోస్టులు భర్తీ చేయని విభాగానికి అప్రెంటిస్‌లను పంపకూడదు. 15 శాతం పరిమితిని ఆసుపత్రి మొత్తానికి కాకుండా ఒక్కో విభాగానికి లెక్కించాలి. హెపటైటిస్ బి మూడో డోసు పడిన తేదీ చూపకుండా ఎవరూ సూది పట్టకూడదు. డయాలిసిస్ కాంట్రాక్టుల్లో ఎన్ని మంచాలకు ఎంతమంది రిజిస్టర్డ్ టెక్నీషియన్లు ఉండాలో రాయాలి, సెషన్ డబ్బు చెల్లించేముందు ఆ పేర్ల జాబితా చూడాలి. ప్రతి అప్రెంటిస్ దగ్గర ఒక పుస్తకం ఉండాలి. ఏ పని, ఏ తేదీన, ఎవరి కళ్లెదుట చేశాడో అందులో ఆ టెక్నీషియన్ తన రిజిస్ట్రేషన్ నంబరుతో సంతకం చేయాలి. ఆ పుస్తకం నిండనిదే బోర్డు పేరు నమోదు చేయకూడదు.